పన్ను కట్టే నేతగాడికి గ్రంథాలయంలో చోటేది?

చీరాల: ఈ ప్రాంతంలో ఇంటిపన్ను కట్టే ప్రతి కుటుంబమూ, చదువు వచ్చినా రాకపోయినా, గ్రంథాలయానికి కూడా పన్ను కడుతున్నది. ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల చొప్పున ఈ సెస్సు వసూలవుతున్నది. చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెం, ఈపూరుపాలెం వైపు చూస్తే ఆ పన్ను కట్టేవారిలో మగ్గం మీద బతికే కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. అయితే మగ్గం గుంటలో కూర్చునే మనిషి గ్రంథాలయం మెట్లు ఎక్కటం అరుదు. ఎక్కినా పత్రిక తిరగేసి రావటమే తప్ప, తన చేతిపనికి ఉపయోగపడే సరుకు అక్కడ ఉన్నదని, ఉండవచ్చునని అతనికి చెప్పేవారు లేరు.

ఇప్పుడు గ్రంథాలయాల విషయంలో ఎక్కడ విన్నా 'డిజిటల్' మాటే వినిపిస్తున్నది. కంప్యూటర్లు వస్తాయంటున్నారు, కొన్నిచోట్ల వచ్చాయి. ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులకు వీటివల్ల మేలు జరుగుతున్నది, సంతోషమే. కాని గ్రంథాలయం పరీక్షలు రాసేవారికీ, పత్రికలు చదివే విశ్రాంత ఉద్యోగులకూ మాత్రమే చెందినది కాదు. నేతగాడు, రంగులద్దేవాడు, ఇంట్లో కండెలు చుట్టే ఇల్లాలు కూడా దానికి యజమానులే. వారికి కావలసిన విద్య ఇవాళ పుస్తకాలలోనూ, ఇంటర్నెట్టులోనూ ఉచితంగా పడి ఉన్నది. దానిని వారి చేతికి అందించగల చోటు ఊరిలో గ్రంథాలయం ఒక్కటే. ఆ పని జరగకపోతే ఏమి నష్టమో ఈ ప్రాంతం ఒకసారి చవిచూసింది కూడా.

ఎనిమిది పైసల లెక్క

ఆంధ్ర ప్రాంతంలో 1948 నాటి మద్రాసు చట్టం, తెలంగాణాలో 1955 నాటి హైదరాబాదు చట్టం ఉండేవి. ఆ రెంటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని ప్రకారం పంచాయతీలూ, మునిసిపాలిటీలూ ఇంటిపన్నుతో కలిపి గ్రంథాలయ సెస్సు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. పుస్తకాల కొనుగోలుకూ, పత్రికలకూ, అద్దెలకూ, కొత్త భవనాలకూ ప్రధానమైన ఆధారం ఆ సొమ్మే.

లెక్క వేసి చూస్తే ఇది చిన్న మొత్తం కాదు. ఇంటికి అయిదువందల రూపాయల పన్ను అనుకుంటే అందులో గ్రంథాలయం వాటా 40 రూపాయలు. రెండువేల గడప ఉన్న ఊరిలో ఏడాదికి 80 వేల రూపాయలు. ఒక కంప్యూటరు, ఒక పెద్ద తెర, ఏడాది పొడుగునా ఇంటర్నెట్టు ఖర్చు పోగా ఇంకా మిగిలే సొమ్ము ఇది. అయితే వసూలు చేసిన సెస్సును స్థానిక సంస్థలు తమ ఇతర అవసరాలకు వాడుకొని, గ్రంథాలయ సంస్థలకు బకాయి పెట్టటం రాష్ట్రంలో ఏళ్ల తరబడి సాగుతున్న ఫిర్యాదు. పన్ను కట్టినవాడు కట్టాడు, చేరవలసిన చోటికి మాత్రం అది చేరలేదు. మధ్యలో నష్టపోయింది పాఠకుడు.

కట్టిన పన్నుకు ఏమి దక్కిందని అడగటం ఈ గడ్డకు కొత్త కాదు. మునిసిపాలిటీ పన్నులు మోయలేమని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన చీరాల, పేరాల ప్రజలు ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకొని నెలల తరబడి కాపురం చేశారు. ఇవాళ ఊరు వదలవలసిన పనిలేదు. పంచాయతీ సమావేశంలో లేచి, సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అని రెండు ప్రశ్నలు వేస్తే చాలు.

పెద్దలు వేసిన బాట

గ్రంథాలయం అంటే పుస్తకాల బీరువా అని మన పెద్దలు ఎన్నడూ అనుకోలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడినపుడు అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు గ్రంథాలయాన్ని ఊరి బడిగా, ఊరి సభగా భావించారు. రాత్రి పాఠశాలలు నడిచినది అక్కడే. చదువురానివారికి పత్రిక చదివి వినిపించినది అక్కడే. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ పంపించారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే అతని దగ్గరకు వెళ్లాలన్నది ఆ పడవ చెప్పిన నీతి.

మన పక్కనే ఉన్న వేటపాలెం సారస్వత నికేతనం చరిత్ర తెలియనివారు లేరు. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి పూనికతో వెలసిన ఆ గ్రంథాలయానికి గాంధీజీ వచ్చారు. ఆయన చేతికర్ర ఒకటి నేటికీ అక్కడ భద్రంగా ఉన్నది. పాత తెలుగు పత్రికల సంచికల కోసం పరిశోధకులు దూరప్రాంతాల నుంచి వెతుక్కుంటూ వస్తారు. నేతగాళ్ల ఊరి నడిబొడ్డున ఇంతటి విజ్ఞాన భాండాగారం ఉండటం ఈ ప్రాంతం చేసుకున్న పుణ్యం. కాని ఎక్కడి నుంచో రైలు దిగి వచ్చిన పరిశోధకుడికి తెలిసిన దాని విలువ పక్క వీధిలో మగ్గం ఆడించేవాడికి తెలియకపోవటం గమనించవలసిన విషయం. ఇది ఆ గ్రంథాలయం తప్పు కాదు, నేతగాడి తప్పు కాదు. చేతిపనికీ, చదువుకూ మధ్య మనం కట్టుకున్న గోడ అది.

తేలియా రుమాలు నేర్పిన పాఠం

ఆ గోడవల్ల ఏమి పోయిందో చెప్పటానికి తేలియా రుమాలును మించిన ఉదాహరణ లేదు. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీటిలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, కట్లు కట్టి రంగులో ముంచి నేసే చతురస్రపు బట్ట అది. ఎరుపు, నలుపు, తెలుపు దాని రంగులు. నూనె వాసన పోదు కనుకనే ఆ పేరు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో ఈ రుమాళ్లకు చీరాల పెట్టింది పేరు. అరబ్బు దేశాలలో తలకు చుట్టుకోవటానికి ఓడల మీద వెళ్లేవి. కట్లు కట్టి రంగు వేసే ఈ విద్య తెలంగాణాలోని పోచంపల్లి వైపుకు చీరాల నుంచే వెళ్లిందని చేనేత చరిత్ర రాసినవారు చెబుతారు.

తరువాత విదేశీ గిరాకీ పడిపోయింది. చీరాలలో రుమాలు నేసే ఇళ్లు ఒకటొకటిగా వేరే బట్టకు మారాయి. తండ్రి నోటి నుంచి కొడుకు చెవికి తప్ప ఎక్కడా ఎక్కని విద్య కావటం వల్ల, తండ్రితోపాటే అదీ వెళ్లిపోయింది. పుట్టపాక నేతగాళ్లు మాత్రం దానిని విడవకుండా నిలబెట్టారు. వారి కృషికి ఫలితంగా 2020లో 'పుట్టపాక తేలియా రుమాలు'కు భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు ముందే, 2004-05లో, పోచంపల్లి ఇకత్‌కు ఆ గుర్తింపు దక్కింది. నిలబెట్టినవారికి దక్కింది, అది న్యాయమే. దానిపై అసూయ పడవలసిన పనిలేదు. పుట్టినింట ఆ విద్య ఎందుకు నిలవలేదన్నదే మనం వేసుకోవలసిన ప్రశ్న.

ఇక్కడ ఒక చట్టపు మెలిక ఉన్నది. 1999లో చేసి, 2003 నుంచి అమలులోకి వచ్చిన భౌగోళిక గుర్తింపుల చట్టం కింద దరఖాస్తు చేసేవారు, ఆ సరుకు ఆ ప్రాంతానిదేనని రుజువు చూపించాలి. మా తాతలు నేశారు అంటే సరిపోదు. పాత గెజిటీర్లు, పుస్తకాలు, పత్రికలు, వర్తకపు రికార్డులు కావాలి. అంటే మగ్గం మీది హక్కుకు సాక్ష్యం గ్రంథాలయంలో ఉంటుందన్న మాట. చేనేతకూ గ్రంథాలయానికీ సంబంధం ఏమిటని అడిగేవారికి ఇంతకంటె వేరే సమాధానం అవసరం లేదు.

మన నమూనాలు పరాయి ఊళ్లో

ఈ సంగతి మనకంటే ముందే తెల్లవారు గ్రహించారు. 1866లో జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి భారతదేశపు బట్టల ముక్కలు 700 సేకరించి, 18 సంపుటాలుగా కుట్టించాడు. అలాంటి జతలు 20 తయారు చేయించి, 13 బ్రిటనులోనే ఉంచి, ఏడింటిని మన దేశానికి పంపించాడు. మనవారు ఏమి కడతారో, ఏ అంచు ఇష్టపడతారో అక్కడి మిల్లు యజమానులు చూసి అలాంటిదే నేసి మనకు అమ్ముకోవాలన్నది అసలు ఉద్దేశం. అందులో మద్రాసు రాజధాని నేతలూ ఉన్నాయి. నమూనాల పుస్తకం ఒకటి ఎంతటి ఆయుధమో లాంకషైర్ మిల్లులకు అప్పుడే తెలుసు.

ఆ మిల్లు ఊళ్లలో ఒకటైన ప్రెస్టన్‌లోని హారిస్ మ్యూజియంలో ఉన్న జతను ఫోటోలు తీసి ఇంటర్నెట్టులో పెట్టారు. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం తన దగ్గరున్న భారతీయ వస్త్రాల బొమ్మలను, వివరాలను ఎవరైనా చూసేందుకు వీలుగా ఉంచింది. ఆనాడు మన దగ్గర నుంచి పట్టుకుపోయిన నమూనాలను ఈనాడు పైసా ఖర్చు లేకుండా చీరాలలో కూర్చొని చూడవచ్చు. పెద్ద తెర మీద వేసి చూస్తే నూలు పోగు పోగూ లెక్కపెట్టవచ్చు.

మన దేశంలోనూ ఈ పని జరిగింది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టి అమెరికాలో కంప్యూటరు శాస్త్రవేత్తగా పేరు పొందిన రాజ్‌రెడ్డి చొరవతో 2000 తరువాతి సంవత్సరాలలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద వేల తెలుగు పుస్తకాల పుటలు కంప్యూటరుకు ఎక్కాయి. ఆ మొదటి వెబ్‌సైటు ఆగిపోయినా వాటి ప్రతులు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నడుపుతున్న జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018 జూన్‌లో జాతికి అంకితమైంది. పేరు నమోదు చేసుకుంటే రుసుము లేదు.

చేతిపనివారికి కావలసినవి ఇందులో తక్కువేమీ లేవు. మద్రాసు రాజధానిలోని రంగులు, అద్దకాల మీద ఎడ్విన్ హోల్డర్ 1896లో రాసిన పుస్తకం ఉన్నది. కలంకారీ, అచ్చు అద్దకాల మీద హడవే 1917లో ప్రచురించిన గ్రంథం ఉన్నది. 1883లో గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ ఉన్నది. చీరాల సంగతులకు కృష్ణా జిల్లా మాన్యువల్ ఎందుకని ఆశ్చర్యపోనక్కరలేదు. అప్పటికి ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలోనిదే. 1904లో గుంటూరు జిల్లాలోకి, 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి మారింది. దానికే 1972లో ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి ఇది బాపట్ల జిల్లా. కనుక మన ఊరి చరిత్ర వెతికేవారు నాలుగు జిల్లాల పేర్లతో వెతకాలి. ఈ కిటుకు చెప్పగలిగేది గ్రంథపాలకుడే గాని యంత్రం కాదు.

ఫోను ఉంటే చాలదా?

ఇంటింటా ఫోను ఉండగా గ్రంథాలయం ఎందుకని చాలామంది అంటున్నారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. చీర ఫోటోలు ఫోనులో పంపి అమ్ముకుంటున్నవారు ఉన్నారు. కుట్లు, అల్లికలు ఫోనులో చూసి నేర్చుకుంటున్న ఆడపిల్లలూ ఉన్నారు. కాని చూడటం వేరు, వెతికి పట్టుకోవటం వేరు.

ఒక చిన్న ఇబ్బంది చూడండి. డిజిటల్ లైబ్రరీలో ఎక్కించిన తెలుగు పుస్తకాల పేర్లను ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలలో, అందులోనూ ఎక్కించినవారికి తోచినట్లు రాశారు. ఒకే పుస్తకం పేరు నాలుగు తీర్లుగా ఉంటుంది. రచయిత పేరు చోట పుస్తకం పేరు, పుస్తకం పేరు చోట అచ్చువేసినవారి పేరు కనిపించే సందర్భాలూ ఉన్నాయి. పదో తరగతి దాటని నేతగాడు ఫోను తెర మీద ఈ అడవిలో దారి కనుక్కోవటం సాధ్యం కాదు. పైగా అరచేతిలో పట్టే తెర మీద అంచు డిజైను పోగుల లెక్కకు అందదు. గ్రంథాలయంలో పెద్ద తెర ముందు నలుగురు కూర్చొని, ఇది మూడు నాడెల నేత, ఇది జకార్డు పని అని వాదించుకుంటూ చూసినప్పుడే అది విద్య అవుతుంది.

జకార్డు మాట వచ్చింది కనుక మరొక సంగతి. రంధ్రాలు పొడిచిన అట్టలతో మగ్గానికి డిజైను చెప్పే పద్ధతిని ఫ్రాన్సులో జకార్డు 1804 ప్రాంతంలో రూపొందించాడు. లెక్కలు చేసే యంత్రానికి ఆజ్ఞలు ఇవ్వటానికి ఆ అట్టల పద్ధతినే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ ఎంచుకున్నాడు. కంప్యూటరుకు మగ్గం ఒక విధంగా పెద్దమ్మ వరస. అట్టలు కట్టి మగ్గం నడిపే మనిషి కంప్యూటరుకు భయపడవలసిన పనిలేదు. దగ్గర కూర్చొని ఒకసారి చూపించేవారు కావాలి, అంతే.

అడ్డంకులు ఎక్కడ?

మొదటిది వేళ. శాఖా గ్రంథాలయాలు సామాన్యంగా ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచి ఉంటాయి. నేతగాడికి వెలుతురు ఉన్నంతసేపూ పని. అతను మగ్గం దిగే వేళకు గ్రంథాలయం తలుపులు మూసుకుంటాయి. వానాకాలంలో, తుపాను రోజుల్లో గుంట మగ్గాలలోకి నీరు ఊరి పని నిలిచిపోతుంది. చేతికి పని లేక, మనసు కుదుటపడక ఇంట్లో కూర్చునే రోజులవి. ఆ రోజుల్లో గ్రంథాలయంలో నాలుగు నమూనాలు చూపించే ఏర్పాటు ఉంటే, పోయిన కూలి తిరిగి రాకపోయినా రోజు వృథా కాదు.

రెండవది మనుషులు. చాలాచోట్ల గ్రంథపాలకుడు ఒక్కడే. పుస్తకాలు ఇచ్చేదీ, పత్రికలు సర్దేదీ, లెక్కలు రాసేదీ, తలుపులు వేసేదీ ఆయనే. ఖాళీలు భర్తీ చేయకుండా కంప్యూటర్లు పంపితే వాటి మీద గుడ్డ కప్పి ఉంచటమే జరుగుతుంది. యంత్రం కొనటం తేలిక, దాని పక్కన మనిషిని నిలపటమే కష్టం. దురదృష్టవశాత్తు మన పథకాలు తేలిక పని దగ్గరే ఆగిపోతుంటాయి.

మూడవది స్త్రీలు. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు 35 లక్షల పైచిలుకు. అందులో నూటికి 72 మంది స్త్రీలే. కండె చుట్టటం, ఆసు పోయటం, పడుగు అతకటం వంటి పనులు వారి చేతి మీదుగా సాగుతున్నాయి, మగ్గం మీద కూర్చునేవారూ ఎందరో. అయితే ఊరి గ్రంథాలయంలో ఉదయం వేళ చూడండి, బెంచీల నిండా మగవారే. స్త్రీలు రావటానికి ప్రత్యేకమైన వేళ గాని, పిల్లలతో కూర్చునే చోటు గాని, చాలాచోట్ల మరుగుదొడ్డి గాని లేదు. కేరళలో గ్రంథాలయాల తరఫున స్త్రీలే ఇంటింటికీ వెళ్లి స్త్రీలకు పుస్తకాలు ఇచ్చి వచ్చే పద్ధతి నడుస్తున్నది. మన పడవ గ్రంథాలయానికి అది తోబుట్టువు. మనం మరచిన పాఠాన్ని పొరుగువారు గుర్తుపెట్టుకున్నారు.

కర్ణాటకలో 2019లో అయిదువేలకు పైగా ఉన్న గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను పంచాయతీరాజ్ శాఖ కిందకు తెచ్చారు. తరువాత వాటికి 'అరివు కేంద్ర'లని పేరు పెట్టి కంప్యూటర్లు, పిల్లల పుస్తకాలు సమకూర్చారు. అక్కడా లోపాలు లేకపోలేదు. అయినా పంచాయతీ తన గ్రంథాలయాన్ని తనదిగా భావిస్తే మార్పు వస్తుందని ఆ అనుభవం చెబుతున్నది.

డిజైను ఎవరి చేతిలో?

గ్రంథాలయంలో నాలుగు బొమ్మలు చూసినంత మాత్రాన నేతగాడి కూలి పెరుగుతుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఈ ప్రాంతంలో ఎక్కువమంది మాస్టరు వీవర్ల దగ్గర మజూరీకి నేసేవారు. నూలు వారిది, డిజైను వారిది, చీర వారిది. నేతగాడికి దక్కేది చేతి కూలి. పడుగు ఎక్కించిన తరువాత దానిలో ఒక్క పోగు మార్చే స్వేచ్ఛ కూడా అతనికి ఉండదు. అందుచేత గ్రంథాలయం ఒక్కటే బతుకులు మారుస్తుందని చెప్పటం అబద్ధమే అవుతుంది. నూలు ధరలు, సహకార సంఘాల స్థితి, మరమగ్గాల పోటీ అన్నవి వేరే పోరాటాలు. కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం చేసినా, మరమగ్గం మీద నేసిన నకళ్లు చేనేత పేరుతో బజారులో అమ్ముడవుతూనే ఉన్నాయి. ప్రగడ కోటయ్య వంటి నాయకులు జీవితాంతం కొట్లాడింది ఈ సమస్యల మీదే.

కాని డిజైను ఎవరి చేతిలో ఉంటే బేరం వారి చేతిలో ఉంటుందన్నది నిర్వివాదాంశం. కొత్త నమూనా తెచ్చి చూపగల నేతగాడికీ, ఇచ్చినది నేసే నేతగాడికీ మజూరీ మాట్లాడే దగ్గర తేడా ఉంటుంది. పదిమంది కలిసి సంఘంగా ఏర్పడి సొంత సరుకు నేయాలనుకుంటే వారికి మొదట కావలసింది నమూనాలే. ఇప్పుడు ఆ నమూనాలు కొనగలిగిన షావుకారు దగ్గర, ఇంగ్లీషు చదివి వెతుక్కోగల నగరపు డిజైనరు దగ్గర పోగుపడుతున్నాయి. ఇంటర్నెట్టులో ఉచితంగా ఉన్నదంతా అందరికీ అందినట్లు కాదు. చదువు, తీరిక, డబ్బు ఉన్నవారికే అది ముందు అందుతుంది. మిగిలినవారికి కూడా అందించటానికే గదా పౌర గ్రంథాలయం అనే వ్యవస్థను కల్పించుకున్నది.

వృత్తి మాట అటుంచినా, చేతిపనిలోని ఆనందం మరొకటి ఉన్నది. గ్రంథాలయాలలో ఏటా పెడుతున్న వేసవి విజ్ఞాన శిబిరాలలో పిల్లలు కథలు చదవటంతోపాటు బొమ్మలు గీయటం, కాగితంతో పూలు, పక్షులు చేయటం నేర్చుకుంటున్నారు. వారిని ఒకరోజు పక్క వీధిలోని మగ్గం దగ్గరకు తీసుకువెళ్లి చూపిస్తే, లేదా ఒక పెద్ద నేతగాడిని శిబిరానికి పిలిచి పాఠం చెప్పిస్తే, ఆ పిల్లలకు తమ ఊరి మీద గౌరవం పెరుగుతుంది. ఆ నేతగాడి కొడుకే ఆ పిల్లల్లో ఉంటే, తండ్రి పని మీద అతనికి పుట్టే గౌరవం మరీ విలువైనది.

చేయదగిన పనులు

దీనికి కోట్ల రూపాయల పథకం అక్కరలేదు. కొన్ని పనులు వెంటనే చేయదగినవి ఉన్నాయి.

ప్రతి పంచాయతీ, మునిసిపాలిటీ గ్రంథాలయ సెస్సు వసూలెంత, జమ ఎంత, బకాయి ఎంత అన్నది గ్రంథాలయం గోడ మీద బోర్డు రాసి పెట్టాలి. ప్రజలకు లెక్క కనిపించిన చోట బకాయి ఎక్కువ కాలం నిలవదు.

నేతగాళ్లున్న ఊళ్లలోని శాఖా గ్రంథాలయంలో ఒక బీరువా, ఒక కంప్యూటరు, ఒక పెద్ద తెర చేనేతకు కేటాయించాలి. పైన చెప్పిన పాత పుస్తకాలలో మన ప్రాంతానికి సంబంధించిన పుటలు దింపి అచ్చు తీయించి ఉంచాలి. అవి ఇంగ్లీషులో ఉన్నవి కనుక కాలేజీ విద్యార్థుల చేత తెలుగులో సారాంశం రాయించవచ్చు.

వారానికి రెండు రోజులైనా రాత్రి తొమ్మిది గంటల వరకు గ్రంథాలయం తెరచి ఉంచాలి. ఒక మధ్యాహ్నం స్త్రీలకు కేటాయించాలి. విజయవాడలోని వీవర్స్ సర్వీస్ సెంటరు నుంచి నిపుణులను నెలకొకసారి రప్పించి, గ్రంథాలయంలోనే పాఠం ఏర్పాటు చేయమని చేనేత శాఖను కోరాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది, ముసలి నేతగాళ్లకు తెలిసిన విద్యను వారు బతికి ఉండగానే రాసుకోవటం. అద్దకం పాళ్లు, అచ్చు లెక్కలు, అంచుల పేర్లు, పనిముట్ల పేర్లు వారి నోట విని, ఫోనులో మాట పట్టి, గ్రంథాలయంలో భద్రపరచాలి. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది స్పష్టంగా నమోదు చేయాలి. ఎవరికి చూపవచ్చునో, ఏది ఇంటి రహస్యంగా ఉంచాలో చెప్పినవారినే అడగాలి. రేపు ఏ గుర్తింపు కోసమో రుజువు కావలసి వస్తే ఆ కాగితమే సాక్ష్యం. ఇంటర్మీడియెట్ చదివే పిల్లలు సెలవుల్లో చేయగల పని ఇది. ఖర్చు లేదు, తీరిక మాత్రం కావాలి.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతున్నాయి. సభలు, పూలదండలు, వ్యాసరచన పోటీలు అన్నీ జరుగుతాయి. ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం 2015 నుంచి జరుగుతున్నది. ఊరేగింపులు, సన్మానాలు జరుగుతాయి. ఈ రెండు పండుగలూ ఒకదాని మొగం ఒకటి చూడవు. గ్రంథాలయ వారోత్సవంలో ఒక రోజు నేతగాడికీ, చేనేత దినోత్సవంలో ఒక పూట గ్రంథాలయానికీ ఇస్తే ఆరంభానికి అంతే చాలు.

తేలియా రుమాలు విషయంలో చీరాల నష్టపోయినదాన్ని ఇప్పుడు తిరిగి తేలేము. ఇవాళ మగ్గాల మీద ఉన్న కుప్పడం నేత సంగతి అలా కాదు. దానిని నేసే చేతులు ఇంకా మన కళ్లముందే ఆడుతున్నాయి. ఆ చేతుల లెక్కలు కాగితం మీదకు ఎక్కించటమా, తేలియా రుమాలు దారినే పోనివ్వటమా అన్నది ఈ అయిదారేళ్లలోనే తేలిపోతుంది. పంచాయతీలూ, గ్రంథాలయ సంస్థలూ, చేనేత సంఘాలూ ఒకచోట కూర్చొని మాట్లాడుకోవలసిన సమయం ఇదే. పన్ను కట్టినవాడు ఎనిమిది పైసలకు లెక్క అడగకముందే వారు ఆ పని చేస్తే గౌరవంగా ఉంటుంది.